డాబా మీద సోలార్: మూడు కిలోవాట్లా, ఐదా?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇల్లు మా మామయ్యగారు కట్టించారు. రెండేళ్ల కింద ఆయన కాలం చేశారు, కరెంటు బిల్లు ఇప్పటికీ ఆయన పేరు మీదే వస్తోంది. కింద మేముంటాం. పై అంతస్తు కిరాయికి ఇచ్చాం. వాళ్లకు వేరే మీటరు, గృహజ్యోతి కింద జీరో బిల్లు వస్తుంది. మాకు ఎండాకాలం నాలుగు నెలలు 480 యూనిట్లు, వానాకాలం 330, చలికాలం 220 దాకా కాలుతున్నాయి. ఈమధ్య ఒక ఏజెంటు వచ్చి 5 కిలోవాట్ల సోలార్ పెట్టించుకోండి, మిగిలిన కరెంటు గవర్నమెంటుకు అమ్ముకుంటే నెలనెలా మీకే ఎదురు డబ్బులొస్తాయి అని చెప్పాడు. మా వారు సరే అంటున్నారు. వచ్చే నెల చిట్టీ డబ్బులు చేతికొస్తాయి, కానీ అవి మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం వేసుకున్న చిట్టీ. డాబా పాడైపోతుందని, వడియాలు పెట్టుకోవడానికి కూడా జాగా ఉండదని మా అత్తయ్య అంటున్నారు. కోతుల సంగతి మీకు తెలిసిందే. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక టీచరమ్మ, హనుమకొండ

సమాధానం:

చెల్లెమ్మా, చిట్టీ డబ్బులు ముట్టుకోకండి. అమ్మాయి ఫీజు ఫీజుకే ఉండాలి. ఆ డబ్బు కదపకుండానే మీ ఇంటి మీదికి సోలార్ వస్తుంది, రావాలి కూడా. మీ బిల్లులు చూస్తే అది మీకు బాగా పనికొచ్చే ఇల్లే. అయితే ఏజెంటు చెప్పిన 5 కిలోవాట్లు వద్దు, 3 చాలు. ఎందుకో లెక్కతో సహా చెప్తాను. పక్కన ఒక కాగితం, పెన్ను పెట్టుకుని చదవండి, మీ వారిని కూడా కూర్చోబెట్టుకోండి.

మా ఇల్లు కూడా హనుమకొండలోనే. 2021లో 3 కిలోవాట్లు పెట్టించాను. అప్పటి నుంచి రోజూ ఎన్ని యూనిట్లు వచ్చాయో క్యాలెండర్ మీద రాసుకుంటున్నాను. చుట్టుపక్కల చాలా ఇళ్లవాళ్లు పెట్టించుకునేటప్పుడు పక్కనే నిలబడి చూశాను. కాబట్టి విన్న మాటలు కాకుండా కళ్లతో చూసినవే చెప్తున్నాను.

ముందు మీ వాడకం. నాలుగు నెలలు 480, నాలుగు నెలలు 330, నాలుగు నెలలు 220. మొత్తం కలిపితే ఏడాదికి 4,120 యూనిట్లు. మన దగ్గర ఒక కిలోవాట్ ప్యానెళ్లు రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తాయి. అంటే 3 కిలోవాట్లకు రోజుకు 12, ఏడాదికి 4,300 చిల్లర. దుమ్ము, మబ్బు, కరెంటు కోతలు పోగా 4,000 అటూఇటూగా చేతికొస్తాయి. మీ ఇంటి వాడకానికి అది సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు డబ్బు. మన ఇళ్ల కరెంటు రేట్లు మెట్ల లాగా ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్ల ప్రకారం, నెలలో 200 దాటిన ఇంటికి మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున పడతాయి. ఆపై వంద 7.70, ఆ తర్వాతి వంద 9 రూపాయలు, 400 దాటితే 9.50. మీ ఎండాకాలపు 480 యూనిట్లకు 1020, 770, 900, 760 కలిపి 3,450 రూపాయలు. 330 యూనిట్ల నెలకు 2,060. 220 యూనిట్ల నెలకు 1,174. ఏడాదికి 26,736 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు, ఎలక్ట్రిసిటీ డ్యూటీ అనే పన్ను ఇవి కాక.

సోలార్ పెట్టాక మీకు నెట్ మీటరు బిగిస్తారు. దాంట్లో రెండు లెక్కలుంటాయి. లైను నుంచి మీరు తీసుకున్న యూనిట్లు ఒకటి, మీ డాబా నుంచి లైనుకు వెళ్లిన యూనిట్లు రెండోది. నెలాఖరుకు మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి, మిగిలినదానికే బిల్లు కొడతారు. ఎండాకాలంలో 480 కాలి, ప్యానెళ్లు 360 ఇచ్చాయనుకోండి, బిల్లు 120 యూనిట్లకే. 120 యూనిట్ల ఇంటి రేట్లు వేరు. మొదటి వందకు 3.40, ఆపైన 4.80. అంటే 436 రూపాయలు. 3,450 ఎక్కడ, 436 ఎక్కడ! సోలార్ యూనిట్ ముందుగా కొట్టేసేది మీ బిల్లులోని పై మెట్టునే, 9 రూపాయల యూనిట్లనే. అసలు లాభమంతా అక్కడుంది.

ఇక అమ్మకం సంగతి. మీరు వాడింది కంటే ఎక్కువ లైనుకు వెళ్తే, ఆ యూనిట్లు వచ్చే నెలకు జమ అవుతాయి. మీకు ఇది బాగా కలిసొస్తుంది. ఫిబ్రవరి, మార్చిలో ఎండ బాగుంటుంది, ఏసీ ఇంకా వేసి ఉండరు. అప్పుడు జమైన యూనిట్లు ఏప్రిల్, మేలో వాడుకుంటారు. ఆరు నెలలకోసారి లెక్క ముగించి, అప్పటికీ మిగిలిన యూనిట్లకు మాత్రమే డబ్బు కడతారు. ఆ డబ్బు మీరు బిల్లులో కట్టే 9 రూపాయల లెక్కన రాదు. కరెంటు సంస్థ బయట సగటున ఎంతకు కొంటుందో ఆ ధర లెక్కన వస్తుంది, అది మీ పై మెట్టు రేటు కంటే బాగా తక్కువ. పైగా ఆరు నెలలకోసారి. ఏజెంటు చెప్పిన ‘నెలనెలా’ అన్న మాట ఇందులో ఎక్కడా లేదు.

5 కిలోవాట్లు పెడితే ఏడాదికి 7,000 యూనిట్ల దాకా వస్తాయి. మీరు వాడేది 4,120. మిగతా 2,900 యూనిట్లు ఆ తక్కువ ధరకే పోతాయి. దాని కోసం మీరు అదనంగా పెట్టేది దగ్గర దగ్గర లక్ష రూపాయలు. ఆ లక్షకు సబ్సిడీ ఒక్క రూపాయి కూడా పెరగదు. ఇళ్ల మీది సోలార్‌కు కేంద్ర ప్రభుత్వం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు 78,000 ఇస్తారు. ఆపైన 5 పెట్టినా, 10 పెట్టినా అదే 78,000. 3 కిలోవాట్ల దగ్గర సబ్సిడీ గరిష్ఠంగా వస్తుంది, మీ వాడకమూ అక్కడికే సరిపోతుంది. అందుకే 3 అంటున్నాను. రేపు అమ్మాయి గదికి ఇంకో ఏసీ వచ్చిందనుకోండి, అప్పుడు ఇంకో రెండు ప్యానెళ్లు చేర్చుకోవచ్చు. సోలార్ ఇన్వర్టర్, అంటే ప్యానెళ్ల కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే పెట్టె, తీసుకునేటప్పుడే ఆ మాట చెప్పి కాస్త పెద్దది పెట్టించుకోండి, ఇనుప చట్రం పక్కన కొంచెం జాగా వదిలించండి.

ఇప్పుడు మీకు నిద్ర పట్టనివ్వని విషయానికి వస్తాను. 3 కిలోవాట్లకు మంచి సామాను, ఎత్తు చట్రంతో కలిపి 2 లక్షలు అనుకుందాం. సూర్యఘర్ కింద 3 కిలోవాట్ల దాకా ఉన్నవాటికి బ్యాంకులు తాకట్టు లేకుండా 2 లక్షల దాకా రుణం ఇస్తున్నాయి. వడ్డీ మామూలు పర్సనల్ లోన్ లాగా కాదు, బాగా తక్కువ. ప్రభుత్వ పోర్టల్ నుంచే జనసమర్థ్ అనే ప్రభుత్వ రుణాల వెబ్‌సైట్ ద్వారా దరఖాస్తు పెట్టుకోవచ్చు. మీ చేతి నుంచి పదో వంతు, అంటే 20,000 పెట్టండి. లక్షా 80 వేలు లోను. సోలార్ నడవడం మొదలై, తనిఖీ అయిపోయాక సబ్సిడీ 78,000 మీ ఖాతాలో పడుతుంది. దాన్ని ఇంకో ఖర్చుకు తీయకుండా అదే రోజు లోనుకు కట్టేయండి. మిగిలే అప్పు లక్షా 2 వేలు. 7 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు కిస్తీ 2,020 రూపాయల దగ్గర పడుతుంది. సోలార్ వచ్చాక కూడా ఏడాదికి రెండున్నర వేలు బిల్లు కడతారనుకున్నా, మీకు మిగిలేది 24,000 పైనే. అంటే నెలకు 2,000. ఇన్నాళ్లూ కరెంటు బిల్లుకు పోయిన డబ్బే ఐదేళ్లు కిస్తీకి పోతుంది. ఆ తర్వాత కిస్తీ ఉండదు. ప్యానెళ్లకు కంపెనీలు ఇచ్చే ఉత్పత్తి గ్యారంటీ 25 ఏళ్లు. చిట్టీ డబ్బు అలాగే అమ్మాయి కోసం ఉంటుంది.

ఇదంతా జరగాలంటే ఒక పని ముందుగా చేయాలి. బిల్లు మామయ్యగారి పేరు మీద ఉందన్నారు. దరఖాస్తు పెట్టేది సర్వీస్ నంబరు మీద, సబ్సిడీ పడేది ఆ సర్వీస్ ఎవరి పేరున ఉందో వాళ్ల బ్యాంకు ఖాతాలో. పేర్లు కలవకపోతే ఫైలు అక్కడే ఆగుతుంది. మా వీధిలో ఒక ఇంట్లో ప్యానెళ్లు బిగించిన తర్వాత ఈ సంగతి తెలిసింది. తండ్రి పోయి ఆరేళ్లు, బిల్లు ఆయన పేరునే. అన్నదమ్ముల్లో ఒకాయన బెంగళూరులో, ఇంకొకాయన అమెరికాలో. సంతకాల కోసం నెలల తరబడి తిరిగారు, ప్యానెళ్లు మాత్రం డాబా మీద ఊరికే ఎండకు కూర్చున్నాయి. మీకు ఆ తిప్పలు వద్దు. మామయ్యగారి మరణ ధ్రువపత్రం, ఇంటి పత్రాలు, పన్ను రసీదు, అత్తయ్యగారు, మీ ఆడపడుచులు, మరుదులు ఉంటే వాళ్లందరి అంగీకార పత్రం తీసుకుని మన కరెంటు సంస్థ ఎన్‌పీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో పేరు మార్పుకు పెట్టండి. ఇంకేం కాగితాలు కావాలో అక్కడే అడిగి ఒక చీటీ మీద రాయించుకోండి. ఎవరి పేరు మీదికి మార్చాలన్నది మీ ఇంటి విషయమే, కానీ లోను ఎవరి పేరున తీస్తారో సర్వీస్ కూడా వాళ్ల పేరునే ఉంటే ఇబ్బంది ఉండదు. నన్నడిగితే ఈ మాట ముందు అత్తయ్యగారితో మాట్లాడండి. ఆయన పేరు తీసేస్తున్నామని ఆవిడ మనసుకు కష్టం కలగొచ్చు. ఎందుకు మారుస్తున్నారో నెమ్మదిగా చెప్పండి.

కిరాయివాళ్ల మీటరు జోలికి మాత్రం వెళ్లకండి. రెండు మీటర్లు కలిపేస్తే సోలార్ కరెంటు ఇద్దరికీ సరిపోతుందని ఎవరైనా సలహా ఇస్తారు. వాళ్లకు 200 యూనిట్ల లోపు గృహజ్యోతిలో ఉచితంగా వస్తోంది. కలిపితే అది పోతుంది, వాళ్ల వాడకం కూడా మీ లెక్కలో పడి మిమ్మల్ని పై మెట్టుకు నెడుతుంది. సోలార్‌ను మీ సర్వీస్‌కే కలిపించండి. ఈ ఉత్తరం చదివే మిగతావాళ్లకు కూడా ఇక్కడే చెప్తున్నాను. రేషన్ కార్డు ఉండి నెలనెలా జీరో బిల్లు వస్తున్న ఇంటికి ఇప్పుడు సోలార్‌తో మిగిలేదేమీ లేదు. అప్పు చేసి పెట్టించుకోకండి.

డాబా పాడవుతుందన్న అత్తయ్యగారి భయం ఉత్త భయం కాదు. స్లాబుకు నేరుగా రంధ్రాలు వేసి బోల్టులు దింపితే రెండు వానాకాలాల్లో నీళ్లు దిగుతాయి. కింద కిరాయివాళ్ల గదిలో పెచ్చులు ఊడాక కానీ తెలియదు. మీరు ముందే చెప్పండి, స్లాబు మీద కాంక్రీటు దిమ్మెలు పోసి వాటి మీదే కాళ్లు నిలబెట్టాలని. దిమ్మెలు పోసిన చోట వాటర్‌ప్రూఫింగ్ చేయించాలని కూడా. చట్రం ఏడెనిమిది అడుగుల ఎత్తున కట్టిస్తే కింద మనిషి హాయిగా తిరగొచ్చు, బట్టలు ఆరేసుకోవచ్చు. వడియాలకు, సల్ల మిరపకాయలకు ఎండ కావాలి కాబట్టి 300 చదరపు అడుగులు ప్యానెళ్లకు వదిలి మిగతా డాబా ఖాళీగా ఉంచుకోండి. మా ఇంట్లో ఎండాకాలం సాయంత్రాలు ఆ ప్యానెళ్ల కిందే కూర్చుంటాం. నడినెత్తి ఎండ స్లాబు మీద పడదు కాబట్టి కింద గదులు కూడా మునుపటంత కాలవు. ఈ సంగతి అత్తయ్యగారికి చెప్పండి, సంతోషిస్తారు.

చట్రం ఎత్తు పెరిగేకొద్దీ గాలి పట్టు కూడా పెరుగుతుంది. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట వచ్చే గాలిదుమారం ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. రేకులు లేచిపోయిన ఇళ్లు చూశాం కదా. అందుకే గొట్టాలు జింకు పూత పూసినవి, మందమైనవి వాడమనండి. కాళ్ల మధ్య అడ్డంగా, ఏటవాలుగా బిగింపు పట్టీలు ఉండాలి. మామూలు రంగు వేసిన ఇనుము వద్దు. అయిదు వేలు మిగులుతాయని ఇక్కడ తగ్గించుకోకండి.

కోతుల గురించి అడిగారు. చెప్తాను వినండి. మా ఇంట్లో బిగించిన కుర్రాళ్లు తొందరలో ప్యానెళ్ల కింద వైర్లు వేలాడదీసి వెళ్లారు. మే నెలలో ఒక గుంపు వచ్చి ప్యానెళ్ల నీడన చేరింది. ఒక పిల్లకోతి ఆ వైరు పట్టుకుని ఊగింది, జాయింటు ఊడిపోయింది. మూడు రోజులు ఒక్క యూనిట్ కూడా రాలేదు. ఆ మూడు రోజులు ఫోన్‌లో యాప్ చూడలేదు, క్యాలెండర్ మీద రాయనూ లేదు కాబట్టి నాకు తెలియనే తెలియదు. నాలుగో రోజు క్యాలెండర్ మీద రాద్దామని చూస్తే సున్నా. పైకెళ్లి చూస్తే వైరు నేలను తాకుతోంది. ఆ వైరులో ఎండ ఉన్నంతసేపూ వందల వోల్టుల కరెంటు ఉంటుంది, పిల్లలు ఎవరైనా ముట్టుకుని ఉంటే అన్న ఆలోచనకే ఆ రోజంతా నా చేతులు వణికాయి. కాబట్టి ఒక్క వైరు కూడా బయటికి కనిపించకుండా పైపులో వేయించండి. ప్యానెల్ వెనక వైర్లు చట్రానికి క్లిప్పులతో బిగించి ఉండాలి. ఎండకు పెళుసై తెగిపోయే ప్లాస్టిక్ ట్యాగులు కాకుండా స్టీలు క్లిప్పులు వాడమనండి. ప్యానెళ్ల అంచు చుట్టూ జాలీ కట్టించండి. కోతి ప్యానెల్ మీద కూర్చుంటే ఏమీ కాదు, ఆ గాజు గట్టిది. మన దగ్గర పడే మామూలు రాళ్లవానకు కూడా తట్టుకుంటుంది. అసలు ప్రమాదం వైర్ల దగ్గరే.

ఎర్తింగ్ ఎన్ని గుంతలు తీస్తున్నారో నిలబడి చూడండి. మూడు ఉండాలి: ప్యానెళ్ల వైపుకు ఒకటి, ఇంటి కరెంటు వైపుకు ఒకటి, పిడుగు కడ్డీకి విడిగా ఒకటి. ఒకే గుంతలో మూడూ కలిపేస్తామంటే ఒప్పుకోవద్దు.

నీడ విషయం చాలామంది పట్టించుకోరు. మన వరంగల్‌లో మే నడుమ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నీడ కాళ్ల కిందే ఉంటుంది. అప్పుడు డాబా చూసినవాళ్లు ఎక్కడా నీడ లేదు, ఎక్కడైనా పెట్టొచ్చు అనుకుంటారు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలిపోతాడు. నాలుగడుగుల పిట్టగోడ నీడ మధ్యాహ్నం మూడున్నర అడుగులు పడుతుంది. పొద్దున తొమ్మిదింటికి ఏడడుగులు. సింటెక్స్ ట్యాంకు, మెట్ల గది నీడ ఇంకా దూరం వెళ్తుంది. ప్యానెళ్లను వరుసగా ఒకదానికొకటి కలుపుతారు కాబట్టి ఒక్కదాని మీద నీడ పడ్డా వరుస మొత్తం దెబ్బతింటుంది. డిసెంబరు దాకా ఆగక్కర్లేదు, కొలతలు ఇప్పుడే తీసుకోవచ్చు. అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరబోతోంది కదా, ఈ పని తనకే అప్పజెప్పండి. దక్షిణం వైపు ఉన్న గోడ, ట్యాంకు ఎత్తులు కొలిచి, ఆ ఎత్తుకు రెట్టింపు దూరం వదిలి సుద్దముక్కతో గీత గీయమనండి. ఆ గీతకు ఉత్తరాన ప్యానెళ్లు పెట్టుకుంటే సరిపోతుంది. ప్యానెళ్ల ముఖం దక్షిణానికి, వాలు 18 డిగ్రీల దగ్గర ఉండాలి. మనం ఉన్నది భూమధ్యరేఖకు 18 డిగ్రీల ఉత్తరాన, ఆ లెక్కే ఇది.

మే నెలలో ఎండ మండిపోతుంది కాబట్టి అప్పుడే కరెంటు ఎక్కువ వస్తుందని ఆశపడకండి. ప్యానెల్‌కు వెలుతురు కావాలి, వేడి పనికిరాదు. 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.3 నుంచి 0.4 శాతం ఉత్పత్తి తగ్గుతుంది. మే మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు కాగిందంటే ఏడో వంతు అక్కడే పోతుంది. నా క్యాలెండర్‌లో మంచి రోజులన్నీ మార్చివే, 14 యూనిట్ల దాకా వచ్చాయి. జూలైలో ముసురు పట్టిన రోజున మూడే వచ్చాయి. ఆ మూడు చూసి మోసపోయామని కంగారు పడకండి, ఏడాది లెక్క చూసుకోండి.

కడగడం గురించి. పదిహేను రోజులకోసారి, పొద్దున్నే ఎండ ఎక్కకముందు మెత్తటి గుడ్డతో, నీళ్లతో కడిగితే చాలు. కాలిన గాజు మీద చల్లటి నీళ్లు పోయకండి. మా బోరు నీళ్లతో కడిగి కడిగి నేను ప్యానెళ్ల మీద తెల్లటి ఉప్పు చారలు తెచ్చుకున్నాను, ఎంత రుద్దినా పోలేదు. నల్లా నీళ్లు వాడండి. బోరు నీళ్లే దిక్కయితే చివర్లో రబ్బరు పట్టీతో నీళ్లు పూర్తిగా లాగేయండి.

మీరు అడగలేదు కానీ పెట్టించాక అందరూ అడిగేది ఒకటుంది. కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుంది. మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. అది లోపం కాదు, కావాలని అలా చేస్తారు. కరెంటు తీసేసి లైన్‌మన్ స్తంభం ఎక్కి పని చేస్తుంటాడు. ఆ సమయంలో మన డాబా మీది కరెంటు లైనులోకి వెళ్తే అతని ప్రాణం పోతుంది. అందుకే లైనులో కరెంటు లేదని తెలిసిన వెంటనే సోలార్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోతుంది. మీ ఇంట్లో పాత బ్యాటరీ ఇన్వర్టర్ ఉంటే అలాగే ఉంచుకోండి, ఫ్యాన్లకు లైట్లకు అది చాలు. సోలార్‌తోనే బ్యాటరీ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి, ఖర్చు చాలా పెరుగుతుంది. మన ఊళ్లో ఉండే కోతలకు దాని అవసరం నాకు కనిపించలేదు.

పెట్టించేవాళ్లను ఎంచుకోవడం మీ చేతిలో ఉంది. పీఎం సూర్యఘర్ పోర్టల్‌లో మన జిల్లాకు నమోదైన వెండర్ల పేర్లు ఉంటాయి. ముగ్గురిని పిలిచి కొటేషన్ రాతపూర్వకంగా తీసుకోండి. ప్యానెల్ కంపెనీ పేరు, మోడల్, ఇన్వర్టర్ కంపెనీ, గొట్టాల మందం, ఎర్తింగ్, ఐదేళ్ల మెయింటెనెన్స్, అన్నీ కాగితం మీద ఉండాలి. ఐదేళ్ల మెయింటెనెన్స్ ఈ పథకంలో వెండర్ బాధ్యతే, విడిగా డబ్బు అడిగితే ఇవ్వొద్దు. ప్యానెళ్లు డీసీఆర్ రకానివి అయి ఉండాలి. అంటే లోపలి సెల్స్‌తో సహా మన దేశంలోనే తయారైనవి. వేరేవి చవకగా వస్తాయి, కానీ వాటికి సబ్సిడీ రాదు. పైకెక్కించకముందే ఒక్కో ప్యానెల్ వెనక ఉన్న సీరియల్ నంబరు ఫోటో తీసి పెట్టుకోండి. బిగించాక అది మళ్లీ కనిపించదు. సెప్టెంబరు 2025లో సోలార్ సామాను మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. కొటేషన్‌లో పాత పన్ను వేసి ఉంటే అడగండి.

పోర్టల్‌లో దరఖాస్తు మీ ఫోన్ నంబరుతో మీరే పెట్టండి. అమ్మాయి పది నిమిషాల్లో చేసేస్తుంది. ఏజెంటు తన నంబరు పెడితే ఓటీపీలన్నీ ఆయనకే వెళ్తాయి. సబ్సిడీ మేమే తీసుకుంటాం, మీరు మిగతా డబ్బు కట్టండి అనే మాటకు ఒప్పుకోకండి, సబ్సిడీ పడాల్సింది మీ ఖాతాలోనే. డబ్బు కూడా ఒకేసారి ఇవ్వకండి. సామాను దిగినప్పుడు కొంత, బిగింపు అయ్యాక కొంత, నెట్ మీటరు పెట్టి సోలార్ నడిచాక చివరి భాగం.

మీ బిల్లు మీద మంజూరైన లోడు, అంటే మీ కనెక్షన్‌కు కరెంటు సంస్థ అనుమతించిన పరిమితి, ఎంత ఉందో కూడా చూడండి. అది 1 లేదా 2 కిలోవాట్లే ఉండొచ్చు. దానికి టెన్షన్ పడక్కర్లేదు. 2024లో మారిన కేంద్ర నిబంధనల ప్రకారం 10 కిలోవాట్ల లోపు ఇంటి సోలార్‌కు విడిగా సాంకేతిక పరిశీలన అక్కర్లేదు, లోడు పెంపు కూడా అందులోనే చూస్తారు.

నెట్ మీటరు బిగించిన రోజు రెండు అంకెలూ, తీసుకున్నవి, పంపినవి, ఫోటో తీసి తేదీ వేసి పెట్టుకోండి. మొదటి బిల్లు వచ్చినప్పుడు ఆ రెండూ బిల్లు మీద ఉన్నాయో లేదో సరిచూడండి. పంపిన యూనిట్ల చోట సున్నా ఉంటే బిల్లు కట్టకముందే ఫోటోలు పట్టుకుని సెక్షన్ ఆఫీసుకు వెళ్లండి, లేదా 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

ఈ వారంలో చేయాల్సింది ఒక్కటే, మామయ్యగారి మరణ ధ్రువపత్రం బీరువాలోంచి తీసి జిరాక్స్ చేయించడం. పేరు మారాక మళ్లీ రాయండి. వచ్చిన మూడు కొటేషన్లు కూడా పంపితే చదివి ఏది నయమో చెప్తాను.